పెత్తనం దిగాక

మహాభారతంలో అందరికంటే ఎక్కువ ఉపదేశం విన్న ముసలాయన ఎవరంటే ధృతరాష్ట్రుడి పేరే చెప్పాలి. పాండవుల దగ్గరికి రాయబారం వెళ్లి వచ్చిన సంజయుడు నాలుగు చురకలు వేసి, మిగతాది రేపు సభలో చెబుతానని ఇంటికి పోయిన రాత్రి ఆయనకు కంటిమీద కునుకు లేదు. విదురుణ్ని పిలిపించుకున్నాడు. నిద్ర పట్టనివాళ్లు ఎలాంటివాళ్లో చెప్పడంతో మొదలుపెట్టిన విదురుడు తెల్లవార్లూ మాట్లాడాడు. ఇవాళ విదురనీతి అని విడిగా అచ్చువేసి అమ్ముతున్నది ఆ రాత్రి సంభాషణే. అంతా విని ధృతరాష్ట్రుడు, నువ్వు చెప్పింది నిజమే, నా మనసూ అటే మొగ్గుతుంది, కానీ దుర్యోధనుణ్ని చూడగానే మళ్లీ ఇటు తిరిగిపోతుంది అన్నాడు. ఇంకేమైనా ఉంటే చెప్పమన్నాడు. ఆ పైన చెప్పవలసింది తన నోట చెప్పదగింది కాదని విదురుడు సనత్సుజాతుణ్ని తలుచుకున్నాడు. ఆ మహాముని వచ్చి, ఏమరుపాటే మృత్యువని బోధించాడు. ఆ బోధకు శంకరుల పేరిట భాష్యం కూడా ఉంది. ఇంత విన్న రాజు తెల్లవారాక సభకు వెళ్లాడు. యుద్ధం ఆగలేదు.

మంచి మాటలు వినడం, మంచి పుస్తకాలు చదవడం, నాలుగు శ్లోకాలు నోటికి రావడం వృద్ధాప్యాన్ని దానంతటదే చక్కదిద్దుతాయన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. ఆ నమ్మకానికి భారతమే అడ్డు నిలబడుతుంది. వినడానికి ధృతరాష్ట్రుడికి లోటు లేదు. చెప్పేవాళ్లూ సామాన్యులు కారు. కొడుకు మీది మమకారాన్నీ, ఆ కొడుకు ద్వారా తన చేతిలో ఉందనుకున్న రాజ్యాన్నీ వదలలేని మనిషికి ఆ రాత్రి అంతా కాలక్షేపమే అయింది.

తెలుగిళ్లలో పెద్దవాళ్లకు ఎదురయ్యే మాట ఒకటుంది. "ఈ వయసులో మీకెందుకండీ ఇవన్నీ, కృష్ణా రామా అనుకుంటూ కూర్చోక!" కోడలు అన్నా, కొడుకు అన్నా, ఒక్కోసారి ఎదురింటివాళ్లు అన్నా ఆ మాటలో సగం ప్రేమ, సగం 'కాస్త పక్కకు జరగండి' అన్న సూచన. విన్నవాళ్లకు ఆ రెండో సగమే గుచ్చుకుంటుంది. అయితే ఈ దేశపు పాత పుస్తకాలు కూడా పెద్దవయసుకు చెప్పింది ఇంచుమించు అదే. పక్కకు జరగమనే.

మనుస్మృతి ఆరో అధ్యాయంలో వానప్రస్థానికి వేళ ఎప్పుడో ఉంది. ఒంటి మీద ముడతలు, తలలో నెరుపు, కొడుక్కి బిడ్డ. ఈ మూడూ కనిపించినప్పుడు గృహస్థు అడవి దారి పట్టాలి. భార్యను కొడుకుల దగ్గర వదిలి వెళ్లవచ్చు, వెంట తీసుకెళ్లనూవచ్చు. ఊరి తిండి మానాలి, నారచీరో చర్మమో కట్టుకోవాలి. ఆ కఠిన నియమాల వరసలో ఒకటి కాస్త ఆశ్చర్యంగా తోస్తుంది. వానప్రస్థుడు నిత్యం స్వాధ్యాయంలో ఉండాలి. అంటే అడవికి పోయినవాడికీ చదువు తప్పదు. వేదం ఆయనకు నోటికి వచ్చినదే. ఇరవై ఏళ్ల వయసులో గురువు ముందు వల్లించినదాన్నే, సంసారం గడిచాక, అడిగేవాడూ అప్పజెప్పించుకునేవాడూ లేనిచోట మళ్లీ చదువుకోవాలి. కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేని చదువు అది.

ఈ నియమాన్ని ఎంతమంది పాటించారో చెప్పడం కష్టం. పురాణాల్లో రాజులు వెళ్లారు, కావ్యాల్లో వెళ్లారు. ఊళ్లలో మామూలు మనుషులు మటుకు వీధరుగు మీదే ఉన్నారు. అడవిని అటుంచితే, ఆ నియమం కోరుతున్న అసలు పని తాళాల గుత్తి ఇంకొకరి చేతిలో పెట్టడం. కష్టమైనది అదే. అడవికి వెళ్లడం దానికంటే సుళువు.

ఇప్పుడా రోజును ప్రభుత్వమే నిర్ణయిస్తోంది. ఆంధ్రప్రదేశ్ ఉద్యోగికి 62 ఏళ్లు, తెలంగాణ ఉద్యోగికి 61. ఆ నెలాఖరున శాలువా, పూలదండ, ఆఫీసు వాళ్లు చందాలు వేసుకుని కొన్న వెండి వస్తువు, నాలుగు పొగడ్తలు. ఒకటో తారీఖు పొద్దున్న ఎప్పటి వేళకే మెలకువ వస్తుంది. సంతకం పెట్టవలసిన ఫైలు ఉండదు. పేపరు ఆమూలాగ్రం, టెండరు ప్రకటనలతో సహా, చదివినా తొమ్మిదిన్నర దాటదు. అప్పుడు కళ్లు ఇంటి మీద పడతాయి. ఫ్యాను ఎవరు వేసి వదిలేశారు, గ్యాసు ఇంత తొందరగా ఎందుకయిపోయింది, మనవడి హోంవర్కు ఎందాకా వచ్చింది. ముప్ఫై అయిదేళ్లు ఆఫీసులో చేసిన తనిఖీ వంటింట్లో మొదలవుతుంది. ఉద్యోగం దిగినా పెత్తనం దిగలేదన్నమాట. పొద్దున్నే నలభై మందికి వెళ్లే వాట్సాప్ సూక్తులూ ఈ బాపతే కావచ్చు. పంపినాయన ఆ సూక్తి రెండోసారి చదివాడా అన్నది అనుమానమే. పదిమందికి చెప్పే స్థానంలో ఇంకా ఉన్నానన్న తృప్తి మాత్రం దక్కుతుంది.

ఖాళీ దొరికితే మనసు దానంతటదే కుదుటపడుతుందనుకోవడం దేశదేశాల్లోనూ ఉన్న పొరపాటే. ఫ్రెంచి రచయిత మాంటేన్ 1571లో, 38వ పుట్టినరోజున, న్యాయస్థానం కొలువు చాలించుకుని తన ఎస్టేటులోని బురుజులో గ్రంథాలయం అమర్చుకుని కూర్చున్నాడు. ఆ కాలానికి 38 అంటే చిన్న వయసేం కాదు. పైకప్పు దూలాల మీద గ్రీకు, లాటిన్ సూక్తులు రాయించుకున్నాడు. ప్రశాంతంగా తనతో తాను ఉండాలనుకున్నాడు. తీరా కూర్చున్నాక మనసు పగ్గం తెంచుకున్న గుర్రంలా పరుగులు తీసి, వింత వింత ఊహలు పోగుచేసిందని ఆయనే రాసుకున్నాడు. ఆ వింతలను కాగితం మీద పెట్టి చూసుకుంటే మనసు తనను చూసి తనే సిగ్గుపడుతుందేమోనని రాత మొదలుపెట్టాడు. ప్రపంచానికి వ్యాసమన్న ప్రక్రియ అలా దక్కింది. ఆ తర్వాత బోర్డో నగరానికి రెండుసార్లు మేయరుగానూ పనిచేశాడు. బురుజెక్కినవాడు దిగకుండా ఉండిపోలేదు. పిలుపు వస్తే వెళ్లాడు, పదవీకాలం అయ్యాక మళ్లీ పుస్తకాల దగ్గరికి వచ్చాడు.

భారతంలో వృద్ధాప్యం గురించి తెలుసుకోవాలంటే శాంతిపర్వం కంటే ఆశ్రమవాస పర్వం చదవాలి. చిన్న పర్వం. తెలుగులో తిక్కన చేతిది. ప్రవచనాల్లో దీని ఊసు తక్కువ. యుద్ధం అయిపోయాక ధృతరాష్ట్రుడు 15 ఏళ్లు ధర్మరాజు ఇంట్లోనే ఉన్నాడు. కొడుకులందరినీ చంపినవాళ్ల ఇంట్లో. మర్యాదకు లోటు లేదు. ఏ పని చేసినా పెదనాన్నను అడిగి చేయమని ధర్మరాజు ఆజ్ఞ. కుంతి, ద్రౌపది గాంధారికి సేవ చేశారు. మంచి వంటవాళ్లు, పట్టుపరుపులు, దానధర్మాలకు సొమ్ము, అన్నీ ఉన్నాయి. భీముడొక్కడే లోపల కసి పెట్టుకున్నాడు. పెద్దాయనకు వినపడేలా జబ్బలు చరుచుకుని, ఆ గుడ్డివాడి కొడుకులను మట్టుపెట్టిన చేతులివే అని స్నేహితులతో అనేవాడు. ధృతరాష్ట్రుడు ఎవరికీ చెప్పలేదు. పూట తిండి మానేసి, నేల మీద పడుకోవడం మొదలుపెట్టాడు. గాంధారికి తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు. మూడుపూటలా తిండి, మందులు, విడిగా గది అన్నీ అమర్చిన ఇంట్లో ఒక్క మాట ఎంత పని చేస్తుందో వ్యాసుడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదేమో.

అడవికి వెళతాననగానే ధర్మరాజు తల్లడిల్లాడు. వ్యాసుడొచ్చి నచ్చజెప్పవలసి వచ్చింది. వెళ్లేముందు కూడా ధృతరాష్ట్రుడు ఊరుకోలేదు. రాజ్యం ఎలా ఏలాలో ధర్మరాజుకు అధ్యాయాల కొద్దీ చెప్పాడు. తన చేతుల్లో రాజ్యం ఏమైందో చూసినవాడికి చెప్పాడు. ధర్మరాజు వినయంగా తలూపాడు. ఆ తర్వాత కొడుకుల శ్రాద్ధానికి సొమ్ము అడిగితే భీముడు అడ్డం తిరిగాడు, అర్జునుడు సర్దిచెప్పాడు, ధర్మరాజు ఇచ్చాడు. ఏ ఉమ్మడి కుటుంబంలోనైనా జరిగేదే.

కార్తిక పున్నమినాడు బయలుదేరారు. ముందు కుంతి నడుస్తోంది. కళ్లకు గంతలు కట్టుకున్న గాంధారి చెయ్యి ఆమె భుజం మీద. చూపులేని ధృతరాష్ట్రుడి చెయ్యి గాంధారి భుజం మీద. ఊరి పొలిమేర దాటాక ధర్మరాజు తల్లిని ఇక వెనక్కి రమ్మన్నాడు. ఆమె రాలేదు. సహదేవుణ్ని జాగ్రత్తగా చూసుకోమంది, కర్ణుణ్ని మరవద్దంది. మరి మమ్మల్ని యుద్ధానికి ఎందుకు ఉసిగొల్పావు, ఇంత మందిని ఎందుకు చంపించావు అని భీముడు నిలదీశాడు. అడగదగ్గ ప్రశ్నే. మీరు నలుగురిలో తలవంచుకుని బతకకూడదని చెప్పాను తప్ప ఆ రాజ్యం నేను అనుభవించాలని కాదు, అనుభవించవలసింది భర్త ఉండగానే అనుభవించాను అని జవాబిచ్చింది.

ధృతరాష్ట్రుడిదీ కుంతిదీ ప్రయాణం ఒకే అడవికి. ధృతరాష్ట్రుడు అవమానం భరించలేక వెళ్లాడు. కుంతిని పొమ్మన్నవారు లేరు. కొడుకులు గెలిచి, కష్టాలు తీరి, రాజమాతగా కూర్చోవలసిన రోజుల్లో లేచి నడిచింది. రాజ్యం మీది పట్టు మాత్రమే కాదు, గెలిచిన కొడుకుల తల్లినన్న గొప్ప కూడా వదిలేసింది. అడవిలో ఆమె చేసిన పని చూపులేని ఇద్దరు ముసలివాళ్లకు చేయి ఆసరా ఇవ్వడం. ఆశ్రమజీవితం అంటే కళ్లు మూసుకుని కూర్చోవడమేనని ఎవరైనా అంటే ఈ పర్వం చూపించవచ్చు.

అడవి ఎందుకు అన్న ప్రశ్నకు 20వ శతాబ్దంలో, అరుణాచలమని మనం పిలిచే తిరువణ్ణామలైలో ఒకాయన జవాబిస్తూ వచ్చారు. ఉద్యోగం మానేసి ఆశ్రమానికి వచ్చేస్తానని అడిగినవాళ్లను రమణ మహర్షి చాలాసార్లు ఇంటికే పంపేశారు. ఇంట్లో ఉన్నప్పుడు గృహస్థునన్న తలపు వెంటపడుతుంది, అడవికి పోతే సన్యాసినన్న తలపు వెంటపడుతుంది, మారింది ఏముంది అన్నది ఆయన మాటల సారం. ఆయన మటుకు పదహారేళ్ల వయసులో ఇల్లు వదిలి వచ్చి మళ్లీ వెనక్కి వెళ్లలేదన్నది వేరే సంగతి.

ఆ ఊరికి తెలుగువాళ్లు వెళ్లడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. వెళ్లినవాళ్లలో అందరినీ ఉలిక్కిపడేట్టు చేసినవాడు చలం. 1894లో పుట్టి, పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఊరూరా తిరిగి, మైదానం లాంటి నవలలతో పెళ్లినీ నీతినీ కులాన్నీ నిలదీసిన గుడిపాటి వెంకటచలం 1950లో బెజవాడ వదిలి అరుణాచలం చేరాడు. అప్పటికి 55 ఏళ్లు దాటాయి. అంతకుముందు 1936లో మిత్రుడు చింతా దీక్షితులు ద్వారా రమణుల దగ్గరికి మొదటిసారి వెళ్లాడు. మెచ్చుకున్నవాళ్లూ తిట్టినవాళ్లూ ఇద్దరూ ఒకే ప్రశ్న వేశారు: ఇదేమిటి? పారిపోయాడని కొందరు, మారిపోయాడని కొందరు, మొదటినుంచీ వెతుకుతున్నది అదేనని మరికొందరు. ఈ తగువు తెలుగు సాహిత్యంలో ఇప్పటికీ తెగలేదు.

తగువు పక్కనపెట్టి చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. ఎవరికోసం వెళ్లాడో ఆ రమణులు అదే ఏడాది ఏప్రిల్ 14న దేహం చాలించారు. చలం వెనక్కి రాలేదు. 1979 మేలో తాను పోయేదాకా 29 ఏళ్లు అక్కడే ఉన్నాడు. కూతురు సౌరిస్ ఆయనతోనే ఉంది. ఆంధ్ర నుంచి ఆయన పాఠకులు వెతుక్కుంటూ వస్తూనే ఉన్నారు, ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. భగవాన్ స్మృతులు పేరిట ఆశ్రమంలోని పాత భక్తుల జ్ఞాపకాలను సేకరించి రాశాడు. తన గొంతుతో దేశాన్ని అదరగొట్టినవాడు ఇతరుల గొంతులు రాసిపెట్టే పనికి కూర్చున్నాడు. వృద్ధాప్యంలో చలం చేసిన పనులన్నిటిలో దీనికే ఎక్కువ విలువ ఇవ్వాలనిపిస్తుంది.

అదే ఆశ్రమంలో చలం కంటే ముందు అలాంటి పని చేసినామె సూరి నాగమ్మ. గుంటూరు జిల్లా కొలనుకొండలో 1902లో పుట్టింది. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోయారు. ఊహ తెలియని వయసులో పెళ్లి, వెంటనే వైధవ్యం. బడి లేదు. ఇంట్లోనే అక్షరాలు కూడబలుక్కుని పురాణాలు చదువుకుంది. 1941లో అరుణాచలం వెళ్లింది. ఆశ్రమంలో జరిగేవన్నీ రాయమని అన్నగారు కోరితే 1945 నవంబరులో మొదలుపెట్టి రమణులు పోయేదాకా ఉత్తరాలు రాసింది. రెండు వందలు దాటిన ఆ ఉత్తరాలే శ్రీ రమణాశ్రమ లేఖలు. ఎవరు వచ్చారు, ఏమడిగారు, భగవాన్ నవ్వారా, కోప్పడ్డారా, ఆ పూట వంట ఏమిటి, కోతులు ఏం చేశాయి, అన్నీ అందులో ఉంటాయి. తత్త్వం చెబుతున్నానన్న బరువు ఎక్కడా కనిపించదు. ఇంటికి జాబు రాస్తున్న ఆడమనిషి తెలుగు అది, హాయిగా సాగిపోతుంది. మన భాషలో ఆధ్యాత్మిక వచనం ఎలా ఉండాలని ఎవరైనా అడిగితే ముందు ఈ పుస్తకమే చేతికివ్వాలి.

నాగమ్మ చదువుకోగలిగింది. ఆమె తరం ఆడవాళ్లలో చాలామందికి ఆ అదృష్టం లేదు. 2011 జనాభా లెక్కల నాటికి కూడా దేశంలో అరవై దాటిన మగవాళ్లలో 59 శాతం అక్షరాస్యులైతే, ఆడవాళ్లలో 28 శాతమే. అంటే పెద్దవయసు, పుస్తకం, ఏకాంతం అని మనం ముచ్చటపడే బొమ్మలో ప్రతి నలుగురు ముసలమ్మల్లో ఇంచుమించు ముగ్గురు లేరు. అయినా వాళ్లకు భాగవతం తెలియదా అంటే, చాలామంది పంతుళ్లకంటే బాగా తెలుసు. గుళ్లో సాయంత్రం పురాణ కాలక్షేపం విన్నారు. హరికథలు విన్నారు. విజయవాడ రేడియోలో ఉషశ్రీ గొంతుక వింటూ పప్పులో రాళ్లేరారు. ధర్మసందేహాలు కార్యక్రమంలో ఆయన ఇచ్చే జవాబుల మీద అరుగుల మీద చర్చలు నడిచేవి. ఇప్పుడు ఆ స్థానంలో యూట్యూబ్ ఉంది, చాగంటి ఉన్నారు, గరికపాటి ఉన్నారు. రైల్లో ఇయర్‌ఫోన్ లేకుండా పెట్టేవాళ్లను క్షమించగలిగితే ఇదీ ఆ పాత అలవాటుకు కొనసాగింపే.

ఆడవాళ్ల సంగతిలో ఇంకో చిక్కుంది. 62 ఏళ్లకు దిగే ఉద్యోగం కాదు వాళ్లది. భర్త రిటైరయి ఇంట్లో కూర్చుంటే రెండు టీలు ఎక్కువవుతాయి. వానప్రస్థం గురించి రాసినవాళ్లంతా మగవాళ్లు కాబట్టి భార్యను వెంట తీసుకెళ్లాలా వద్దా అని ఆలోచించారు గానీ, ఆమెకు ఎప్పుడు విరామమో రాయలేదు. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక, సాయంత్రం పాలు రాకముందు దొరికే గంటన్నరలో లలితా సహస్రమో, వారపత్రిక సీరియలో చదువుకున్న తరాలు మనవి. ఆ గంటన్నరను ఎవరూ ఏకాంతమని పిలవలేదు.

చదువు ఆయుష్షు పెంచుతుందా? యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ఒక లెక్క ప్రచురించారు. యాభై దాటిన 3,635 మందిని 12 ఏళ్లు గమనిస్తే, పుస్తకాలు చదివేవాళ్లు చదవనివాళ్లకంటే 23 నెలలు ఎక్కువ బతికినట్టు తేలింది. పేపర్లు, పత్రికలు చదివేవాళ్లకు అంత లాభం కనిపించలేదు. ఈ 23 నెలల లెక్క చదువు, సంపద, ఆరోగ్యం లాంటి తేడాలను సవరించకముందుది. సవరించాక కూడా కొంత లాభం మిగిలింది. అయినా ఇది గమనించి చెప్పిన సంగతి, నిరూపించినది కాదు. అదీగాక ఆ 23 నెలలూ ఇంట్లోవాళ్ల ప్రాణాలు తీస్తూ గడిపారో, నవ్వుతూ గడిపారో ఆ పరిశోధన అడగలేదు.

ఆ ప్రశ్నకు దగ్గరగా వెళ్లినది హార్వర్డ్ వాళ్లది. 1938లో 724 మంది మగపిల్లలతో మొదలై, తరాలు దాటి సాగుతున్న అధ్యయనం అది. యాభై ఏళ్ల వయసులో కొలెస్టరాల్ ఎంత ఉందన్నదానికంటే, అయినవాళ్లతో సంబంధాలు ఎలా ఉన్నాయన్నదే ఎనభైలో ఆరోగ్యాన్ని బాగా సూచించిందని దాని నాలుగో సారథి రాబర్ట్ వాల్డింగర్ చెబుతారు. ఆయన మానసిక వైద్యుడు, పైగా జెన్ గురువు. రోజూ మౌనంగా కూర్చునే మనిషి నలుగురితో కలిసి ఉండండని చెప్పడం కొందరికి వింతగా తోచవచ్చు. తుమ్మపూడిలో సంజీవదేవ్ ఇంటికి వెళ్లి వచ్చినవాళ్లకు తోచదు.

సంజీవదేవ్ 1914లో తెనాలి దగ్గర తుమ్మపూడిలో పుట్టాడు. కుర్రతనంలోనే హిమాలయాలు పట్టి తిరిగాడు. కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ కుటుంబంతో గడిపాడు, రాహుల్ సాంకృత్యాయన్‌తో స్నేహం చేశాడు. ఇంతా చూసి సొంత ఊరికి తిరిగొచ్చి, వరిచేల మధ్య స్థిరపడ్డాడు. సంసారం ఉంది, వ్యవసాయం ఉంది. బొమ్మలు వేశాడు, వ్యాసాలు రాశాడు. ముఖ్యంగా ఉత్తరాలు రాశాడు. దేశవిదేశాల పండితులకు రాసినంత శ్రద్ధగానూ, ఎప్పుడూ చూడని కాలేజీ కుర్రాడికి రాశాడు. కార్డు ముక్క మీద మబ్బు రంగు గురించో, మౌనం గురించో నాలుగు వాక్యాలు. 1999లో పోయేదాకా ఆ ఊరే ఆయన విలాసం. ఏకాంతం కోసం హిమాలయం నుంచి పల్లెటూరికి దిగివచ్చినవాళ్లు అరుదు. తలుపు తీసి పెట్టుకుని ఏకాంతంగా ఉండగలిగినవాళ్లు మరీ అరుదు.

ఇంతవరకూ చెప్పుకున్నది తమంతట తాము పక్కకు జరిగినవాళ్ల గురించి. జరపబడ్డవాళ్ల సంగతి వేరు, వాళ్లకు ఏకాంతం మీద వ్యాసాలు వినిపించడం అన్యాయం. కొడుకు డాలస్‌లో, కూతురు మెల్‌బోర్న్‌లో, తండ్రి పోయాక తల్లి ఒక్కతీ మూడు పడగ్గదుల ఫ్లాటులో. ఆదివారం వీడియో కాల్. కిందపడితే వాచ్‌మన్‌కు తెలియాలి. కుంతిని చూపించి ఆమెకు వైరాగ్యం బోధించేవాళ్లు కుంతి వెనకాల ఐదుగురు కొడుకులు ఏడుస్తూ పొలిమేరదాకా వచ్చారన్నది మరిచిపోతారు. తల్లిదండ్రుల పోషణకు 2007లో చట్టమే చేయవలసి వచ్చిన దేశం ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఒంటరితనాన్ని ఆరోగ్య సమస్యగా తీసుకుని ప్రత్యేక సంఘాన్ని వేసింది. ఆధ్యాత్మికత ఇలాంటి చోట మందుగా పనికిరావచ్చు గానీ, చేయవలసిన పని చేయనివాళ్లకు సాకుగా పనికిరాకూడదు.

ఆ తల్లికి ఏం చేయవచ్చు? పెద్ద పెద్ద మాటలు వద్దు, ముందు కళ్లు చూపించాలి. పుస్తకం మీద విసుగు పుట్టిందనుకున్న చాలామందికి పుట్టింది శుక్లం. ఆపరేషన్ అయ్యాక అక్షరాలు మళ్లీ నల్లగా కనిపిస్తే సగం వైరాగ్యం ఎగిరిపోతుంది. గీతాప్రెస్ వాళ్ల పెద్దక్షరాల గీత, తిరుమల తిరుపతి దేవస్థానం వేసిన పోతన భాగవతం తాత్పర్యాలతో సహా దొరుకుతాయి. రెండోది గ్రంథాలయం. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కట్టి, జీవితంలో ఒక్కసారి కూడా ఆ గడప తొక్కనివాళ్లు ఎందరో. పొద్దున్న ఏ శాఖా గ్రంథాలయంలో చూసినా తలనెరిసినవాళ్లే. పేపరును పేజీలుగా విడదీసి జిల్లా పేజీ ఒకరు, క్రికెట్ పేజీ ఒకరు, సంపాదకీయం ఒకరు పట్టుకుని, అయిపోయినవాళ్లు పక్కవాళ్ల పేజీ కోసం ఓపిగ్గా చూస్తుంటారు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనంలో, గాంధీజీ చేతికర్రను భద్రంగా దాచిన ఆ పాత గ్రంథాలయంలో, చీరాల చుట్టుపక్కల మనుషులు తరతరాలుగా ఇలాగే చదువుకున్నారు. ఆడవాళ్ల బల్ల మాత్రం చాలా ఊళ్లలో ఇప్పటికీ ఖాళీ.

ఇక ఏం చదవాలన్నదాని మీద పెద్దవాళ్లను అదిలించడం మానేస్తే మంచిది. గీత పక్కన పెట్టి డిటెక్టివ్ నవల పట్టుకున్న తాతగారిని చూసి నవ్వే మనవలకు మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి సంగతి చెప్పాలి. మతగ్రంథాలు చదవలేదని చెప్పుకున్న ఆయన తీరిక వేళల్లో చదివింది ఎక్కువగా డిటెక్టివ్ కథలే. ఆ మనిషే 1983లో, 88వ ఏట, కాలిఫోర్నియాలోని ఓహై లోయలో ఒక్కడే కూర్చుని, ఎదురుగా వినేవాళ్లెవరూ లేకుండా, టేపు రికార్డరుకు తన ఆలోచనలు చెప్పుకోవడం మొదలుపెట్టాడు. కొండలు, చెట్లు, చావు, రాలిన ఆకు గురించి చెప్పిన ఆ మాటలు ఆయన పోయాక పుస్తకంగా వచ్చాయి.

పుస్తకాల మీద కూడా పెత్తనం ఉంటుంది. నలభై ఏళ్లు పోగేసి, అట్టలు వేసి, మొదటి పేజీలో పేరూ ఊరూ తేదీ రాసుకుని, ఎవరికీ అరువివ్వక దాచిన బీరువాను యజమాని పోయిన మూడో నెలలో పిల్లలు కిలోల లెక్కన అమ్మేస్తారు. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద అలాంటి పేర్లు ఎన్నో కనిపిస్తాయి. పిల్లలను తిట్టి లాభం లేదు, వాళ్లకు ఆ పుస్తకాలు అక్కర్లేదు, పెట్టుకునే చోటూ లేదు. ఓపిక ఉన్నప్పుడే ఒక జాబితా రాయడం మేలు. మళ్లీ మళ్లీ చదివేవి ఇరవయ్యో ముప్ఫయ్యో ఉంచుకుని, మిగతావి ఏ గ్రంథాలయానికో, ఏ కాలేజీకో, వాటిని అడిగిన ఏ కుర్రాడికో ఇచ్చేయవచ్చు. గ్రంథాలయానికైతే జాబితా ముందే పంపి అడగాలి. ఉన్న పుస్తకమే రెండోది ఇస్తే వాళ్లకూ చోటు చాలదు. ఇచ్చాక ఏ బీరువాలో పెట్టారు, ఎవరెవరు చదివారు అని ప్రతి నెలా వెళ్లి ఆరా తీయకుండా ఉండటం మాత్రం కొంచెం కష్టమే.